చలికాలం స్కూబా వారాంతం: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ మిత్రబృందాలకు మొదటినుంచి చివరిదాకా

డిసెంబరు వచ్చిందంటే మన గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పుడూ రెండే పేర్లు తిరిగేవి, అరకు, వైజాగ్. ఇప్పుడు స్కూబా, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం అడుగుకి దిగడం, కూడా చేరింది. మంచిదే. కాకపోతే చాలామంది మూడింటినీ ఒకే వారాంతంలో ఇరికిస్తున్నారు. శనివారం పొద్దున్నే సముద్రంలో దిగడం, మధ్యాహ్నం బండెక్కి ఘాట్ రోడ్డు పట్టడం, రాత్రికి అరకులో చలిమంట దగ్గర బొంగు చికెన్. దయచేసి ఆ వరసలో మాత్రం వెళ్లకండి. దీంట్లోంచి ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి: కొండ ముందు, సముద్రం తర్వాత. ఎందుకో కింద లెక్కతో సహా చెప్తాను.

ముందుగా చోటు తేల్చుకోండి

ఇంటిపక్కనే గోపాల్‌పూర్ ఉండగా వైజాగ్ దాకా ఎందుకని అడిగేవాళ్లుంటారు. గోపాల్‌పూర్ ఒడ్డంతా ఇసుక, అలల విరుపు గట్టిది. స్కూబాకి నీళ్లలో చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి, అంటే రాళ్లుండాలి, రాళ్లను పట్టుకుని పెరిగే జీవం ఉండాలి. ఋషికుల్య మొగ వైపు వెళ్దామన్న ఆలోచన అసలు రానివ్వకండి. అది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెట్టే చోటు, నవంబరు 1 నుంచి మే 31 దాకా అక్కడి సముద్రంలో చేపలవేట మీద కూడా ఒడిశా ప్రభుత్వ నిషేధం ఉంటుంది. మన జిల్లాకి దక్కిన గొప్ప సంపద అది, దాన్ని అలా వదిలెయ్యడమే దానికి మనం చేయగల మేలు.

వైజాగ్ దగ్గర సంగతి వేరు. అక్కడ తూర్పు కనుమలు నేరుగా సముద్రంలోకి దిగిపోతాయి. కోణార్క్ గుడికి వాడిన ఖోండలైట్ రాయే ఆ కొండల్లోనూ ఉంటుంది, నీళ్ల అడుగున బండలుగా పరుచుకుని స్పాంజీలకీ, మెత్తటి పగడాలకీ, వాటి చుట్టూ తిరిగే చేపలకీ ఇల్లవుతుంది. రుషికొండ, మంగమారిపేట వైపు డైవింగ్ చేయించేవాళ్లున్నారు. కారులో వస్తే ఇచ్ఛాపురం దాటి జాతీయ రహదారి 16 మీద తగరపువలస దాకా వచ్చి భీమిలి వైపు తిరిగితే, బీచ్ రోడ్డులో మంగమారిపేట, దాని తర్వాత రుషికొండ తగులుతాయి, ఊళ్లోకి పోనక్కర్లేదు. పొగమంచు రోజుల్లో తెల్లవారుజామున ఆ హైవే మీద బండి నడపొద్దు, ముందురోజు సాయంత్రానికే చేరిపోండి. రైలైతే బరంపురం నుంచి నాలుగైదు గంటల ప్రయాణం. పర్లాకిమిడి వాళ్లకి పాతపట్నం, టెక్కలి మీదుగా శ్రీకాకుళం దారి ఉండనే ఉంది.

తేదీ ఎలా ఎంచుకోవాలి

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి రోజుల దాకా బంగాళాఖాతాన్ని నమ్మడానికి లేదు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తాకింది. మన ఇళ్ల పైకప్పులకి, తోటలకి అవి బాగా తెలుసు. తుపాను రాకపోయినా ఎక్కడో అల్పపీడనం పడితే చాలు, నాలుగు రోజులపాటు అడుగున బురద లేచి నీళ్లు మసకబారతాయి. డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా కాస్త నిలకడగా ఉండే కాలం.

అందులోనూ రెండు చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల రోజుల్లో పోటుపాట్లు ఎక్కువ, నీటిలాగుడు కూడా దాంతోపాటే పెరుగుతుంది, కొత్తవాళ్లున్న గుంపు అష్టమి, నవమి దగ్గరి వారాంతాన్ని పట్టుకుంటే హాయి. రెండోది సంక్రాంతి. ఆ నాలుగు రోజులు బీచ్ రోడ్డు కిటకిటలాడుతుంది, టికెట్లు దొరకవు, పైగా కనుమనాడు కాకైనా కదలదంటారు కదా, పెద్దవాళ్లు మిమ్మల్నీ కదలనివ్వరు. సంక్రాంతి అయిన తర్వాతి వారమో, ఆ పై వారమో పెట్టుకోండి.

బయల్దేరడానికి మూడు రోజుల ముందు నుంచి రోజూ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే సముద్ర సూచన చూడండి. అలల ఎత్తు, ఉప్పెన, గాలి అన్నీ ఉచితంగా ఇస్తారు. అల ఎత్తు మీటరు దాటుతుందని చూపిస్తే డైవింగ్ సెంటర్ వాళ్లకి ఫోన్ చేసి మాట్లాడండి, వాళ్లు వద్దంటే వాదించొద్దు. వాళ్లు 'ఏం పర్లేదు రండి' అన్నా మీకు తేడా కొడితే వెళ్లకపోవడం మీ హక్కు.

గుంపులో ఎవరు దిగొచ్చు, ఎవరు ఆగాలి

ఇది మొహమాటాలు పెట్టుకునే చోటు కాదు. సెంటర్‌లో మెడికల్ ఫారం ఇస్తారు, దాన్ని అందరూ కలిసి నవ్వుకుంటూ 'లేదు, లేదు' అని టిక్కులు పెట్టుకుంటూ పోవడం చూస్తే నాకు భయమేస్తుంది. ఉబ్బసం, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్, ఊపిరితిత్తుల సమస్య, బీపీ మందులు, వీటిలో ఏదున్నా వారం ముందే డాక్టర్‌ని కలిసి అడగాలి. గర్భిణులు దిగకూడదు. పదేళ్ల లోపు పిల్లల్ని సముద్రంలో డైవ్‌కి తీసుకోరు.

చలికాలంలో అసలు చిక్కు జలుబు. ముక్కు దిబ్బడ ఉంటే చెవిలోని గాలి గొట్టం తెరుచుకోదు, దిగేకొద్దీ నీటి ఒత్తిడి కర్ణభేరి మీద పడుతుంది. పది మీటర్ల లోతుకే ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపవుతుంది. ముక్కులో చుక్కలు వేసుకునో, జలుబు మాత్ర మింగో దిగేద్దామని చూస్తారు, ఇంకా ప్రమాదం. మందు పనిచేసినంతసేపు దిగిపోతారు, కింద ఉండగా దాని బలం తగ్గితే పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి పోలేక చెవి, సైనస్ పట్టేస్తాయి. జలుబున్నవాడు ఆ రోజుకి పడవ మీదే ఉంటాడు. ముందే మాట అనుకోండి, బయల్దేరక ముందే, 'ఎవరికి జలుబు చేసినా వాళ్లు దిగరు, వాళ్ల డబ్బులు అందరం పంచుకుంటాం' అని. డబ్బు పోతుందన్న బాధ లేకపోతే ఎవరూ జలుబు దాచిపెట్టరు.

ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్‌తో చేసే తొలి డైవ్ చేయొచ్చు. లోతు 12 మీటర్లు దాటనివ్వరు, చాలాసార్లు అంతకంటే తక్కువే. సర్టిఫికెట్ ఉన్న స్నేహితుడు ఒకడుంటే వాడితో సొంతంగా దిగిపోవచ్చనుకోకండి. మొదటి సర్టిఫికెట్ వాడి హద్దు 18 మీటర్లు, అది వాడు తనను తాను చూసుకోవడానికి సరిపోతుంది, ఇంకొకరికి నేర్పడానికి కాదు.

బుక్ చేసేముందు అడగాల్సినవి

ఒక్కో కొత్తవాడికి ఒక్కో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారా? పడవ మీద ఆక్సిజన్ సిలిండర్, మాస్క్ ఉన్నాయా, ఉంటే ఒకసారి చూపిస్తారా? డీకంప్రెషన్ ఛాంబర్ (డైవ్ వల్ల వచ్చే జబ్బుకి ఒత్తిడి పెంచి వైద్యం చేసే గది) అవసరమైతే ఎక్కడికి తీసుకెళ్తారు? ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఈ ఏడాది చెల్లుతుందా? నీళ్లలో వేసుకునే సూటు మందం ఎంత, మీ కొలతలో ఉందా? ముందు లోతులేని నీళ్లలో ఎంతసేపు నేర్పిస్తారు? వీటికి చిరాకుపడకుండా జవాబిచ్చే చోటికి వెళ్లండి. ఫొటోలు, వీడియోలు ఉచితమా కాదా అన్నది ఆఖర్న అడగండి, ఎందుకంటే దాంతో మొదలెడితే మాట అక్కడే ఆగిపోతుంది.

చలి గురించి, సూటు గురించి

జనవరిలో వైజాగ్‌లో తెల్లవారుజామున గాలి 18, 19 డిగ్రీలు ఉంటే, సముద్రం పైనీళ్లు 25, 26 డిగ్రీల దగ్గర ఉంటాయి. అందుకే పడవ మీద వణుకుతున్నవాడు నీళ్లలో దూకగానే 'అబ్బ, వెచ్చగా ఉందిరా' అంటాడు. ఆ వెచ్చదనమే మోసం చేస్తుంది. మన ఒళ్లు 37 డిగ్రీలు, ఊరికే నీళ్లలో తేలుతూ ఉన్నా వేడి పోకుండా ఉండాలంటే ఆ నీళ్లు 33 డిగ్రీలకి పైనే ఉండాలి. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. కాబట్టి మొదటి పది నిమిషాలు బాగుంటుంది, ఇరవై దాటాక వేళ్లు మొద్దుబారడం మొదలవుతుంది, చలి వేసినవాడు ఎక్కువ గాలి పీలుస్తాడు, సిలిండర్ తొందరగా ఖాళీ అవుతుంది, డైవ్ అందరికీ పొట్టిదవుతుంది. గుంపులో ఎవరికి ముందు చలేస్తుందో వాళ్లే ఆ రోజు డైవ్ ఎంతసేపో తేలుస్తారు. సన్నగా ఉన్నవాళ్లు, తొందరగా వణికేవాళ్లు ఎవరో మీకు ముందే తెలుసు, మంచి సూటు ముందు వాళ్లకి ఇప్పించండి.

ఇంకో వింత. ఉత్తర బంగాళాఖాతంలో చలికాలంలో పైనీళ్లకంటే కిందినీళ్లు కాస్త వెచ్చగా ఉండే చోట్లున్నాయి. వానాకాలంలో గంగ, మహానది, గోదావరి తెచ్చిపోసిన మంచినీళ్లు తేలిక కాబట్టి పైన పొరలా నిలిచిపోతాయి, చలిగాలికి ముందుగా చల్లబడేవి అవే. ప్రతి డైవ్‌లోనూ ఇది తెలియదు, కానీ కిందికి వెళ్లేకొద్దీ చలి పెరగాల్సిందే అన్న లెక్క మన సముద్రంలో ఎప్పుడూ పనిచెయ్యదు.

వెట్‌సూట్ మిమ్మల్ని పొడిగా ఉంచదు. లోపలికి కొంచెం నీళ్లు వస్తాయి, ఆ పల్చటి పొరని మీ ఒళ్లే వేడి చేస్తుంది, సూటు కుట్టే రబ్బరు నియోప్రీన్‌లోని గాలి బుడగలు ఆ వేడిని బయటికి పోనివ్వవు. అందువల్ల మందం కంటే ముందు చూడాల్సింది బిగుతు. వదులుగా ఉన్న 5 మిల్లీమీటర్ల సూటులోకి కదిలినప్పుడల్లా చల్లటి నీళ్లు వచ్చిపోతుంటే, ఒంటికి అతుక్కున్న 3 మిల్లీమీటర్ల సూటే నయం. మెడ దగ్గర, నడుము వెనకాల, చంకల్లో సంచిలా వదులుంటే ఇంకోటి అడగండి. మన నీళ్లకి మామూలు మనిషికి 3 మిల్లీమీటర్ల నిండు చేతుల, నిండు కాళ్ల సూటు చాలు. చలి ఎక్కువ వేసేవాళ్లకీ, ఒకే రోజు రెండు డైవ్‌లు చేసేవాళ్లకీ 5 మిల్లీమీటర్లు మేలు, తలకి పల్చటి హుడ్ దొరికితే తప్పకుండా పెట్టించండి. మందపు సూటు ఎక్కువ తేలుతుంది, నడుముకి బరువు పెంచాలి, లోతుకి వెళ్లాక అదే సూటు ఒత్తిడికి నలిగి తేలడం తగ్గుతుంది. నిరుడు వేసుకున్న బరువే చాలని అనుకోకుండా ఆ రోజు సూటుతో ఒడ్డునే పరీక్ష చేయించుకోండి.

సొంతంగా పట్టుకెళ్లాల్సినవి పెద్దగా లేవు. సూటు లోపలికి బిగుతైన లైక్రా చొక్కా ఒకటి. పెద్ద తువ్వాళ్లు రెండు, ఒకటి తడవకుండా ప్లాస్టిక్ సంచిలో. చెవులు మూసే ఉన్ని టోపీ, గాలి ఆగే జాకెట్, పొడి సాక్సులు. పెద్ద ఫ్లాస్కు. కళ్లద్దాలవాళ్లు మెత్తటి కాంటాక్ట్ లెన్సులతో దిగొచ్చు, ముందే చెప్పాలి. మీసం ఒత్తుగా ఉంటే మాస్క్ అంచు ఆనక నీళ్లు చిమ్ముతుంటాయి, ముక్కు కింద కొంచెం కత్తిరించుకుంటే పోతుంది.

వారాంతాన్ని వరసపెట్టడం

ఇప్పుడు కొండ సంగతి. నీళ్లలో ఒత్తిడి కింద పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. పైకి వచ్చాక అది మెల్లగా, గంటల తరబడి బయటికి పోతుంటుంది. ఆ లోపు మీరు ఎత్తు ప్రదేశానికి ఎక్కితే బయటి ఒత్తిడి తగ్గిపోయి, ఇంకా మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు. కీళ్ల నొప్పులు, తిమ్మిర్లు, ఇంకా ముదిరితే నరాలు దెబ్బతినడం, ఇదే డీకంప్రెషన్ జబ్బు. విమానం ఎక్కకూడదని అందరికీ తెలుసు, ఘాట్ రోడ్డు కూడా అదే కోవలోకి వస్తుందని మాత్రం చాలామందికి తట్టదు. డైవర్ల భద్రత చూసే సంస్థలు చెప్పే లెక్క ఇది: సుమారు 600 మీటర్లు దాటిన ఎత్తుకి వెళ్లాలంటే ఒక్క డైవ్ చేసినవాళ్లు కనీసం 12 గంటలు, రెండు, అంతకంటే ఎక్కువ చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలి. అరకు సుమారు 900 మీటర్లు, దారిలో ఘాట్ అంతకంటే పైకి ఎక్కి దిగుతుంది. కోరాపుట్ కూడా దగ్గర దగ్గర 870 మీటర్లు. తొలి డైవ్‌లో లోతు తక్కువ కాబట్టి ప్రమాదం తక్కువేనని అంటారు, నిజమే, అయినా ఆగితే పోయేదేమీ లేనప్పుడు ఆ తక్కువ ప్రమాదం మాత్రం ఎందుకు నెత్తికెత్తుకోవాలి?

బరంపురం, పర్లాకిమిడి వాళ్లకి ఇంటిదారి అంతా మైదానమే, ఇబ్బంది లేదు. అరకు కూడా కావాలంటే ఒక రోజు సెలవు పెట్టి శుక్రవారం అరకు, శనివారం మధ్యాహ్నానికి కిందికి, రాత్రి రుషికొండ దగ్గర నిద్ర, ఆదివారం పొద్దున్నే డైవ్, సాయంత్రం రైలు. ఎత్తు నుంచి కిందికి వచ్చి దిగడంలో ఈ సమస్య లేదు. మహేంద్రగిరి ఎక్కాలన్నా అంతే, అది 1501 మీటర్లు, వచ్చే వారాంతానికి పెట్టుకోండి.

రాయగడ పట్నం అంత ఎత్తులో లేదు, రైలులో పార్వతీపురం మీదుగా వెళ్లేవాళ్లు నిశ్చింతగా పోవచ్చు. కోరాపుట్, జయపురం, సునాబెడ వాళ్లు మాత్రం గడియారం చూసుకోవాలి. సాలూరు దారిలో ఘాట్ ఎక్కినా, రైలులో వెళ్లినా ఎత్తు ఎత్తే. మీకు అరకు ఎందుకు, కొండలు ఇంటి దగ్గరే ఉన్నాయి కదా, శనివారం పొద్దున డైవ్ చేసి ఆదివారం పొడిగా గడపండి. ఆర్కే బీచ్‌లో కుర్సుర జలాంతర్గామి, తొట్లకొండ బౌద్ధ స్థూపాలు చూసి మధ్యాహ్నం బయల్దేరండి. ఆదివారమే దిగక తప్పకపోతే, పొద్దున 10కి నీళ్లలోంచి బయటికొస్తే 18 గంటలంటే సోమవారం తెల్లవారుజాము 4, ఘాట్ మొదలయ్యేది ఆ తర్వాతే ఉండాలి.

దిగే రోజు పొద్దున

మొదటి బ్యాచ్ పట్టుకోండి. చలికాలంలో పొద్దున్న ఒడ్డు నుంచి సముద్రం వైపు మెల్లగా గాలి వీస్తుంది, నీళ్లు నున్నగా ఉంటాయి, ఎండెక్కాక గాలి తిరిగి అల లేస్తుంది. ముందు రాత్రి మందు వద్దు, అది ఒంట్లోని నీళ్లూ, వేడీ రెండూ పోగొడుతుంది. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, చిన్న గిన్నెడు ఉప్మానో తినండి. పూరీలు, వడలు తర్వాత తినొచ్చు, అవి ఎక్కడికీ పోవు. ఖాళీ కడుపుతో దిగితే చలి త్వరగా వేస్తుంది, పడవలో కడుపు కూడా తిప్పుతుంది. చలికి దాహం తెలియదు కాబట్టి గుర్తుపెట్టుకుని నీళ్లు తాగండి.

నీళ్లలో

కాళ్లు కిందికి ఉంచి, తాడు పట్టుకుని మెల్లగా దిగండి. నొప్పి పుట్టకముందే, అరమీటరుకో మీటరుకో ఒకసారి ముక్కు మూసుకుని సున్నితంగా ఊది చెవులు సర్దండి. సర్దుకోకపోతే కొంచెం పైకి వచ్చి మళ్లీ, బలవంతంగా ఊదొద్దు. మొదటి ఐదు మీటర్లే కష్టం.

ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. పది మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది, బిగబట్టి పైకి లేస్తే ఊపిరితిత్తి చిరుగుతుంది. నిదానంగా పీల్చి, అంతకంటే నిదానంగా వదలండి.

సైగలు ఒడ్డునే నేర్చుకోండి. బొటనవేలు పైకెత్తితే 'సూపర్' అని కాదు, 'పైకి పోదాం' అని. బాగుందని చెప్పడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. చలేస్తే రెండు చేతులూ అడ్డంగా పెట్టుకుని భుజాలు రుద్దుకోవాలి. ఈ ఆఖరి సైగ చెయ్యడానికి మగపిల్లలు సిగ్గుపడతారు, ఆ సిగ్గు వదిలెయ్యండి. వణుకు మొదలైతే డైవ్ అక్కడితో అయిపోయినట్టే, వణుకు తగ్గేదాకా కింద ఆగి చూద్దామనుకోవద్దు.

మామూలు అల్యూమినియం సిలిండర్‌లో 11 లీటర్ల చోటు, 200 బార్ ఒత్తిడి, అంటే దాదాపు 2200 లీటర్ల గాలి. 50 బార్ మిగిలి ఉండగానే మీరు పైన ఉండాలి. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లు దాటొద్దు, సర్టిఫికెట్ ఉండి లోతుకి వెళ్లినవాళ్లు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి రండి.

బండల మీద చెయ్యి వెయ్యకండి. సముద్రపు ముళ్లబంతులుంటాయి, ఈకల్లాంటి రెక్కలున్న లయన్‌ఫిష్ ముల్లు విషం, సందుల్లో పాములాంటి చేప మొరే ఈల్ తల బయటికి పెట్టి చూస్తుంటుంది. తెగిపోయిన వలలు రాళ్లకి చుట్టుకుని కనిపిస్తే దూరంగా ఉండండి, లాగి తీద్దామని అస్సలు చూడొద్దు, తర్వాత ఇన్‌స్ట్రక్టర్‌కి చోటు చెప్పండి.

పడవెక్కిన పావుగంట

వారాంతం మొత్తంలో ఒంటికి ఎక్కువ చలి పట్టేది ఇక్కడ. తడి సూటు, గాలి, పడవ వేగం, అప్పటికే వేడి కోల్పోయిన ఒళ్లు. అందరూ ఫోన్ల మీద పడేది కూడా ఇప్పుడే. ముందు సూటు పైభాగం విప్పి తుడుచుకోండి, పొడి జాకెట్, టోపీ వేసుకోండి, ఆ తర్వాత ఫొటోలు. ఫ్లాస్కులోంచి అల్లం టీయో, బెల్లం వేసిన రాగిజావో. ఇంకో డైవ్ ఉంటే మధ్యలో గంటకి తక్కువ కాకుండా విరామం, ఆ గంటా ఎండలో కూర్చుని ఒళ్లు పూర్తిగా వెచ్చబడిందని తెలిస్తేనే మళ్లీ దిగండి.

ఎవరైనా మాట ముద్దగా మాట్లాడుతున్నా, జిప్ తీసుకోలేకపోతున్నా, వణుకుతూ వణుకుతూ హఠాత్తుగా వణకడం ఆపేసి మగతగా ఉన్నా అది మామూలు చలి కాదు. తడిబట్టలు తీసేసి దుప్పటి చుట్టండి, ముందు ఛాతీ, మెడ వెచ్చబడాలి, చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకండి. తెలివిగా ఉంటేనే గోరువెచ్చని తీపి పానీయం. బ్రాందీ చుక్క పోస్తే తగ్గుతుందనే పెద్దమనిషి ఎక్కడైనా ఉంటాడు, వినకండి. వెంటనే ఆసుపత్రికి, 108కి ఫోన్. సముద్రం మీద ఉండగా ఎవరైనా కనబడకపోతే కోస్ట్‌గార్డ్ నంబరు 1554, అందరి ఫోన్లలోనూ ముందే వేసి ఉంచండి.

గదికి వెళ్లాక బాగా వేడినీళ్ల స్నానం కాసేపు ఆపండి, గోరువెచ్చనివి చాలు. ఆ రోజుకి పరుగులు, బీచ్ వాలీబాల్, జిమ్ లాంటి కష్టమైన పనులు వద్దు.

ఇంటికొచ్చాక

డీకంప్రెషన్ లక్షణాలు చాలావరకు మొదటి 24 గంటల్లోనే బయటపడతాయి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. మోకాలు, భుజం దగ్గర లోపల్నుంచి నొప్పి, తిమ్మిరి, చర్మం మీద మచ్చలు, తలతిరగడం, విపరీతమైన నీరసం, వీటిని సూటు బిగుతు వల్లో, రైల్లో సరిగా పడుకోకపోవడం వల్లో అని తోసెయ్యకండి. ఆసుపత్రిలో మొదటి మాటగా ఫలానా రోజు, ఫలానా టైంకి, ఇన్ని మీటర్ల లోతుకి దిగానని చెప్పండి, అడగకపోయినా చెప్పండి, ఎందుకంటే బరంపురంలోనో రాయగడలోనో డాక్టర్‌కి డైవింగ్ ఆలోచన దానంతట అది రాదు. ఆక్సిజన్ పెట్టమని అడగండి, సెంటర్‌కి ఫోన్ చేసి ఛాంబర్ ఎక్కడుందో డాక్టర్‌తో నేరుగా మాట్లాడించండి. దీనికోసం పడవ దిగేముందే ప్రతి ఒక్కరి లోతు, నీళ్లలో ఉన్న నిమిషాలు, బయటికొచ్చిన టైం గ్రూపులో ఒక మెసేజ్‌గా పెట్టి పిన్ చేసుకోండి.